ఆక్సిమీటర్ చెప్పిన అబద్ధం

శవం కిటికీ పక్క మంచం మీద ఉంది.

పేరు అసెన్. డెబ్బై ఆరేళ్ళు. షుగర్ పేషెంట్. భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. ముఖంలో బాధ లేదు. బుగ్గలు ఎర్రగా, ఎండలో నడిచొచ్చినట్టు ఉన్నాయి.

"పొయ్యి వేడికి అలా ఉన్నాడు మేడం," అన్నాడు సార్జెంట్ కమెన్.

రాదోస్తినా మంచం మీదికి వంగింది. ఆ ముఖాన్ని కాసేపు చూసి దుప్పటి కప్పేసింది. ఇరవై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేసి, ఇప్పుడు జిల్లాలో నర్సింగ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉంది. నర్సు చేతిలో ఎవరైనా చనిపోయారని ఫిర్యాదొస్తే పోలీసులతో పాటు ఆమె కూడా వెళ్ళాలి. ఈసారి ఫిర్యాదు రొదోపి కొండల్లోని చిన్న పల్లె జెలెన్‌దోల్ నుంచి వచ్చింది. దారంతా మంచు. ఆమె చేరేసరికి సాయంత్రం నాలుగైంది.

శవాన్ని బండి ఎక్కించారు. తలుపు బార్లా తెరిచి ఉండటంతో ఇల్లు చల్లబడిపోయింది. కొడుకు రుమెన్ తలుపు మూసి, ఇనప పొయ్యిలో నాలుగు కట్టెలు పడేశాడు. తల్లి కోసం కరెంటు స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టి, పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాడు. వంటకీ పడకకీ కలిపి అదొకటే గది.

"ఇన్సులిన్ ఎవరిచ్చారు?"

"నేనే." మూల కుర్చీలోంచి జవాబొచ్చింది. నెవెనా. ఆ ఊళ్ళో ఇంటింటికీ తిరిగే నర్సు. ముప్పై దాటి ఉండవు. కోటు కూడా విప్పలేదు. "పన్నెండింటికి, భోజనానికి ముందు."

"ఎంత?"

"ఎనిమిది యూనిట్లు. రోజూ ఇచ్చేదే."

"ఎనభై ఇచ్చి ఉంటుంది," అన్నాడు రుమెన్. "చెయ్యి తడబడిందో, కళ్ళు మూసుకుపోయాయో. ఒప్పుకుంటే దాని సొమ్మేం పోయింది?"

"మాట మర్యాదగా రానీ," అన్నాడు కమెన్.

"మా నాన్న పోయాడు సార్. నాకు మర్యాద నేర్పకండి."

రాదోస్తినా అతన్ని ఆపలేదు. తండ్రి శవం వెళ్ళి పావుగంట కాలేదు. అరవనీ అనుకుంది.

ముసలామె వేలిచ్కా సోఫాలో ముడుచుకుని ఉంది. రాదోస్తినా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, ఒంట్లో ఎలా ఉంది?"

"తల పగిలిపోతోంది తల్లీ. మధ్యాహ్నం వాంతి కూడా అయ్యింది. కోళ్ళకి గింజలేద్దామని పెరట్లోకెళ్తే అక్కడ కాస్త తెరిపిచ్చింది. తిరిగొచ్చి పిలిస్తే మీ తాత పలకలేదు."

రాదోస్తినా ఆమె వేలికి ఆక్సిమీటర్ పెట్టి ఆక్సిజన్ చూసింది. తొంభై ఎనిమిది. బీపీ కొంచెం ఎక్కువ. షుగర్ మామూలే. దుఃఖంలో తలనొప్పి రావడం వింతేం కాదు. మిషన్ తీసి సంచిలో పెట్టేసుకుంది.

కానీ ఒక విషయం మనసులో ముల్లులా ఉండిపోయింది.

"రుమెన్, ఇన్సులిన్ మీ నాన్నకి ఇచ్చింది. మరి వాంతులు మీ అమ్మకెందుకు?"

రుమెన్ తల్లి వైపు తిరిగాడు.

"దిగులుతో," అన్నాడు.

"ఆయన పోకముందే అయ్యింది వాంతి. అవ్వా, ఈ తలనొప్పి ఇవాళే మొదలా?"

"లేదమ్మా. మంచు పడ్డప్పటి నుంచీ ఉంది. ఇద్దరికీ."

"నాకూ చెప్పారు," అంది నెవెనా నెమ్మదిగా. "బీపీ చూశాను, షుగర్ చూశాను, ఆక్సిజన్ చూశాను. అన్నీ బాగున్నాయి. వయసు మీద పడింది కదా అనుకున్నా."

"తిండిలో ఏమైనా తేడా వచ్చిందా?" కమెన్ సిగరెట్ ముట్టించాడు. "ఊరగాయలు, పుట్టగొడుగులు?"

"వాళ్ళు తిన్నవే నేనూ తిన్నా," అన్నాడు రుమెన్. "ఆదివారం పొద్దుట్నుంచి రాత్రి దాకా ఇక్కడే ఉన్నా. ముగ్గురం ఒకే కుండలో చిక్కుళ్ళ పులుసు తిన్నాం. ఎవరికీ ఏం కాలేదు. ఎందుకో తెలుసా మేడం? ఆ రోజు ఈమెకి సెలవు. నాన్నకి ఇంజెక్షన్ నేనిచ్చాను. ఈమె వచ్చిన ప్రతిరోజూ తలనొప్పి. రాని ఒక్కరోజు ఇద్దరూ గుండ్రాయిల్లా ఉన్నారు. ఇంకేం కావాలి మీకు?"

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే గుర్రుమంటోంది.

నెవెనా తల దించుకుంది. తప్పు చేసినట్టు కాదు. తన మీద తనకే నమ్మకం పోతున్నట్టు.

"పొయ్యి సంగతి చూశారా?" రాదోస్తినా కమెన్ని అడిగింది. చనిపోయిన మనిషి ఎర్రటి బుగ్గలు ఆమెని వదలట్లేదు.

"రాగానే చూశా మేడం. కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పోయినవాళ్ళని మనం చూడలేదా? కానీ పొగగొట్టం అద్దంలా ఉంది. అక్టోబర్‌లో శుభ్రం చేయించారు. ఎక్కడా బీట కూడా లేదు."

"పైగా ఆదివారం పొయ్యి మామూలుగా మండలేదు," అన్నాడు రుమెన్. "కట్టె మీద కట్టె వేశా. పొయ్యే అయితే ఆ రోజే ముగ్గురం పోయేవాళ్ళం."

మాట సబబుగానే ఉంది. పొయ్యి కాదు. తిండి కాదు. మిగిలింది నర్సు. లెక్క సరిపోయింది. కమెన్ కాగితాలు తీశాడు.

సరిపోయింది కాబట్టే రాదోస్తినాకి నచ్చలేదు. వార్డులో ఆమె నేర్చుకున్నదల్లా ఒక్కటే. జవాబు తొందరగా దొరికితే ఇంకొక్క ప్రశ్న అడగాలి.

"అవ్వా, ఆదివారం ఎలా గడిచింది? మొత్తం చెప్పు."

"ఏముందమ్మా. వీడొచ్చాడు. పొయ్యి మీదే వండుకున్నాం. మీ తాత చాలా రోజులకి పాట కూడా అందుకున్నాడు. కొవ్వొత్తి వెలుగులో పేకాడుకున్నాం. ముసలాయన తొండి."

"కొవ్వొత్తి ఎందుకు?"

"కరెంటు లేదుగా. మంచుకి తీగ తెగిపోయింది. మర్నాడు పొద్దున దాకా రాలేదు."

రాదోస్తినా కణతలు నొక్కుకుంది. ఎప్పట్నుంచో తల బరువుగా ఉంది. కొండదారి ప్రయాణం వల్ల అనుకుంది. ఎదురుగా కమెన్ ఆవులించాడు. వెంటనే మరోసారి ఆవులించి, రాసిన వాక్యమే మళ్ళీ రాసి కొట్టేశాడు. నెవెనా గోడకి తల ఆనించింది.

"తల నొప్పిగా ఉందా నెవెనా?"

"కొంచెం. ఏడవడం వల్లేమో."

"కమెన్, నీకు?"

"పొద్దున్నించీ తిండి లేదు మేడం. అందుకే."

రుమెన్ నుదురు రుద్దుకుంటున్నాడు. ప్రతివాళ్ళకీ ఒక కారణం ఉంది. తలనొప్పి మాత్రం అందరికీ ఒకటే.

రాదోస్తినా ఆక్సిమీటర్ తీసి తన వేలికే పెట్టుకుంది. తొంభై ఎనిమిది. కమెన్ వేలికి పెట్టింది. తొంభై తొమ్మిది. పొగతాగే మనిషికి, ఆవులింతలతో కళ్ళు మూతలు పడుతున్న మనిషికి, తొంభై తొమ్మిది.

పొయ్యి పక్కన సాసర్లో కమెన్ వదిలేసిన సిగరెట్ కాలుతోంది. పొగ నిటారుగా లేవడం లేదు. గాలిని లాక్కోవాల్సిన పొయ్యి పక్కనే మండుతున్నా అటు పోవడం లేదు. పొయ్యి తలుపు సందు నుంచి ఎవరో ఊదినట్టు గదిలోకి వాలి, ఫ్యాన్ వైపు సాగిపోతోంది.

ఆమె లేచి ఫ్యాన్ స్విచ్ ఆపేసింది.

పొగ ఒక్క క్షణం ఆగింది. తడబడింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి పొయ్యి సందులోకి జారిపోయింది.

"అందరూ బయటికి," అంది రాదోస్తినా. గొంతు పెంచలేదు. "కోట్లు తర్వాత. నెవెనా, అవ్వని పట్టుకో. కమెన్, ఆ కిటికీలు రెండూ తెరిచి రా. ఇప్పుడే."

నెవెనా వెంటనే లేచింది. ముసలామెని సోఫాలోంచి లేపి భుజం మీద మోసినంత పని చేసింది. గుమ్మం దగ్గర రుమెన్ తూలి గోడ పట్టుకున్నాడు. కమెన్ అతన్ని కాలర్ పట్టి బయటికి లాగాడు.

మంచులో నిలబడి ఐదుగురూ గాలి మింగారు. రాదోస్తినా అంబులెన్స్‌కి ఫోన్ చేసి, ఐదుగురికీ ఆక్సిజన్ కావాలని చెప్పింది. తర్వాత ఆసుపత్రికి చేసి, అసెన్ రక్తంలో ముందు కార్బన్ మోనాక్సైడ్ విషం ఉందేమో చూడమంది.

"పొయ్యి కాదనుకున్నాంగా," అన్నాడు కమెన్ దగ్గుతూ.

"పొయ్యి ఒక్కటే కాదు. ఆ ఫ్యాన్ గదిలో గాలిని బయటికి లాగుతోంది. లాగిన గాలికి బదులు ఎక్కడ్నుంచో గాలి రావాలి కదా. వచ్చే దారేది? కిటికీల్లో చీమ దూరే సందు లేదు. మిగిలింది పొగగొట్టం. పైకి పోవాల్సిన విషం అందులోంచి కిందికి దిగింది. దానికి రంగు లేదు, వాసన లేదు."

"మరి మిషన్ తొంభై ఎనిమిది అంటోందే?"

"రక్తానికి ఆక్సిజన్ పట్టినా, ఈ విషం పట్టినా, ఆ మిషన్‌కి ఒకే ఎరుపు. తేడా తెలీదు. ఆయన బుగ్గల ఎరుపు కూడా ఈ విషం వల్లే. తెలిసి కూడా నేను అంకె చూసి మిషన్ సంచిలో పెట్టేశాను. మనిషిని చూడలేదు."

నెవెనా ముసలామె చేతులు రుద్దుతూ వింటోంది.

"ఆదివారం ఎవరికీ ఏం కాలేదు. నెవెనా రానందువల్ల కాదు రుమెన్. కరెంటు లేదు. ఫ్యాన్ తిరగలేదు. పొయ్యి ఎంత మండినా పొగ తన దారిన తాను పోయింది. ఒకే రోజు రెండు లేకుండా పోయాయి. నువ్వు ఒకటే లెక్కపెట్టావు." ఆమె ఆగింది. తర్వాతి ప్రశ్న అడగాలని లేదు. అడక్క తప్పదు. "ఆ కిటికీలు ఎప్పుడు పెట్టించారు?"

రుమెన్ తెరిచిన కిటికీల వైపు చూశాడు.

"పోయిన నెల," అన్నాడు. "పాత చెక్క కిటికీల్లోంచి చలిగాలి కోసేస్తోందని. నేనే. ఫ్యాన్ కూడా నేనే. అమ్మకి వంట పొగ పడదని."

అతను మంచులో కూలబడ్డాడు.

"అంటే నేనే," అన్నాడు. మాట పూర్తి చేయలేకపోయాడు.

కొండ మలుపులో అంబులెన్స్ లైటు కనిపించింది. నెవెనా రాదోస్తినా పక్కకొచ్చింది.

"తలుపు దగ్గర నిలబడితే తగ్గుతోందని అవ్వ నాతో రెండుసార్లు చెప్పింది మేడం. ఎందుకు తగ్గుతోంది అని నేను అడగలేదు."

"అవును. అడగాల్సింది."

"నన్ను తీసేస్తారా?"

"ఇన్సులిన్‌లో నీ తప్పు లేదు. అది రాస్తాను. అడగలేదన్నదీ రాస్తాను. నేనూ గంటసేపు అడగలేదని కూడా రాస్తాను." రాదోస్తినా ఆమె మొహంలోకి చూసింది. "ఈ ఊళ్ళో కొత్త కిటికీలు పెట్టుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయా?"

నెవెనా ఒక్క క్షణం ఆలోచించింది. "మూడు. ఒకదాంట్లో బాలింత ఉంది."

"కమెన్, వైర్‌లెస్‌లో చెప్పు. ముందు ఆ ఇంటికి."

వేలిచ్కాని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మాస్క్ పెట్టారు. ఆమె మాస్క్ పక్కకి తోసి, చెయ్యి చాచి కొడుకు తల అందుకుంది.

"ఒరేయ్. ముప్పై ఏళ్ళుగా మీ నాన్న రెండు స్వెటర్లు వేసుకుని పడుకున్నాడురా. ఈ నెల్లాళ్ళూ ఒంటి చొక్కాతో పడుకున్నాడు. మా వాడు కొన్న కిటికీలని ఊరంతా చెప్పుకున్నాడు."

రుమెన్ ఆ చేతిలో మొహం దాచుకుని మొదటిసారి ఏడ్చాడు.

"మాట్లాడింది చాలు అవ్వా," అంది నెవెనా. మాస్క్ మళ్ళీ సరిగ్గా పెట్టింది. రెండో మాస్క్ తీసుకుని రుమెన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇది పెట్టుకోండి. గట్టిగా పీల్చండి."

అతను ఆమె మొహం చూడలేకపోయాడు. కానీ తల వంచాడు. నెవెనా అతని చెవుల వెనక్కి పట్టీ బిగించి, అతని ఊపిరి కుదుటపడే దాకా భుజం మీద చెయ్యి తీయలేదు.