తాతయ్య తిప్పిన పేజీ

తాతయ్య చనిపోయిన తొమ్మిదో రోజు, పట్టపగలు పదకొండున్నరకి, ఆయన పేజీ తిప్పాడు.

ఏజెంట్ తుంటరి కళ్లు నులుముకుని ఫోన్ మళ్లీ చూశాడు. తాతయ్య అకౌంట్. ఒకటే ఫైల్. 'చివరిగా చదివిన పేజీ: 51.' చూస్తుండగానే అది 52 అయింది. డిపార్ట్‌మెంట్ మొత్తాన్నీ ఆటపట్టించే మనిషి ఈసారి నిజంగానే చీఫ్ గదిలోకి పరిగెత్తాడు.

"చీఫ్, తాతయ్య చదువుతున్నాడు."

"ఏంట్రా, పొద్దున్నే ఎక్కించావా?"

"ఒట్టు. మీరే చూడండి."

తాతయ్యంటే ఎవరి తాతా కాదు, సీక్రెట్ ఫైళ్ల సెక్షన్ పెద్దాయన. రీడింగ్ రూమ్‌లో కూర్చున్న కుర్చీలోనే పోయాడు. కాఫీలో విషం. ఆయన ఈ-రీడర్ అప్పుడే మాయమైంది. అందులో ఆయన చేతిరాత డైరీ స్కాన్ కాపీ ఉంది: శత్రు ముఠాలోకి పంపినవాళ్ల వివరాలు, అరవై పేజీలు. అరవయ్యో పేజీలో తుంటరి సొంత అక్క. ముఠా వంటింట్లో గరిటె తిప్పుతోంది. ఆ పేరు బయటికి పొక్కిందంటే సాయంత్రానికి అక్క ఉండదు.

నిజానికి ఆ డైరీకి పాస్‌వర్డ్ ఉండేది. పాస్‌వర్డ్ ఉంటే ఆ రీడర్‌లో తెరుచుకోదు, కంప్యూటర్లో చదివితే తాతయ్యకి కళ్లు మంటలు. "ఏదో ఒకటి చెయ్యరా మనవడా" అని ఆయన బతిమాలితే తాళం తీసేసి, అంచులు కత్తిరించి, రాత పెద్దది చేసి రీడర్‌కి పంపింది తుంటరే. రూల్ ప్రకారం ఉద్యోగం పోవాల్సిన తప్పు. పెద్దాయన మాత్రం చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. చివరి పేజీ చదవందే ఏ పుస్తకమూ మూయని మనిషి మరి. ఆ మురిపెమే తొమ్మిది రోజులుగా తుంటరి గుండెల మీద కూర్చుని లేవడం లేదు.

"ఆ రీడర్‌కి తెలిసిన వైఫై ఒక్కటే చీఫ్. మన రీడింగ్ రూమ్‌ది."

చీఫ్ కుర్చీలోంచి లేచాడు. "అంటే దొంగ మన ఇంట్లోనే ఉన్నాడా!"

"రీడర్ గేటు దాటితే అలారం. అందుకే ఇక్కడే కూర్చుని బట్టీ పడుతున్నాడు."

"ఫైల్ చెరిపెయ్!"

"ఇక్కడ చెరిపినా చేతిలో ఉన్నది పోదు."

"తలుపులు మూయించనా?"

"రీడర్ పక్కవాడి ఒళ్లో పడేసి పాలు తాగే పిల్లిలా కూర్చుంటాడు. వాడి మొహం చూడాలి."

55.

ఖాకీ చొక్కా, అంటించిన మీసం, భుజాన నిచ్చెన: తుంటరి వేషం మార్చుకుని లోపలికొచ్చాడు. రీడింగ్ రూమ్‌లో ఐదుగురు. ఐదుగురి చేతుల్లోనూ నల్ల కవర్ల రీడర్లే. పేజీ తిప్పినా చప్పుడు లేదు. కిటికీ పక్కన తాతయ్య కుర్చీ ఖాళీ. మెత్త మీద ఆయన కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.

"ఇవాళ ఏసీ మెకానిక్కా తుంటరిగారూ? మీసం ఊడుతోంది" అంది రాణి. అనువాదాల సెక్షన్ అందగత్తె. తాతయ్య ఫోటో ముందు అందరికంటే ఎక్కువ ఏడ్చిన పిల్ల.

అందరూ నవ్వారు. రోజూ వేషాలేసే మనిషిని ఎవరనుమానిస్తారు? తుంటరి నిచ్చెనెక్కాడు.

58.

ఫోన్ తీసి, రీడర్ తెర మీద కనబడేలా తాతయ్య అకౌంట్లోంచి నోట్ కొట్టాడు: 'నా రీడర్ నాకిచ్చెయ్.' పంపాడు.

59.

రాణి చటుక్కున వెనక్కి తిరిగింది. ఖాళీ కుర్చీ వైపు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బొటనవేలు మాత్రం తర్వాతి పేజీ మీదికి జరుగుతోంది.

తుంటరి నిచ్చెన మీంచే దూకి రీడర్ లాక్కున్నాడు. "అరవై చూశావా?"

"లేదు... ఆయన రాశాడు." ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. "వెనక్కి చూడమన్నాడు."

"నేనలా రాయలేదే!" ఫోన్ చూసుకున్నాడు. 'నోట్ వెళ్లలేదు. మళ్లీ ప్రయత్నించండి.'

రీడర్లో యాభై తొమ్మిదో పేజీ పక్కన తాతయ్య నోట్ ఉంది. తేదీ ఆయన పోయిన రోజుది. 'అమ్మాయ్, కాఫీ తేడాగా ఉంది. వెనక్కి చూడు, నేనిక్కడే కూర్చున్నా.'

చీఫ్ రాణిని తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికి అక్క నుంచి కోడ్ వచ్చింది: 'పప్పు ఉడికింది.' అంటే క్షేమం. రీడర్ని ఆఫ్ చేసి, సీలేసి, ఇనప్పెట్టెలో పెట్టారు.

తుంటరి మీసం పీక్కుంటూ ఫోన్ తీశాడు.

60.

డైరీలో చివరి పేజీ. తుంటరి మెల్లగా అన్నాడు:

"అయిపోయిందిగా తాతయ్యా? ఇక పాస్‌వర్డ్ పెట్టేస్తున్నా."