మైనస్ ఒక సెకను

గొడుగు టీచర్ బడి గేటు దాటి నాలుగడుగులు వేసిందో లేదో, పైనుంచి ఒక బ్రష్షు ఊడిపడింది.

అది గొడుగు అంచుకి తగిలి, నీలం రంగు చిమ్మి, ఆమె చెప్పుల ముందు రెండు పల్టీలు కొట్టి ఆగింది. సన్నగా వాన పడుతోంది. తెల్ల గొడుగు మీద అరచెయ్యంత నీలం మరక.

ఆమె తలెత్తి చూసింది. నాలుగంతస్తుల పైన, డాబా పిట్టగోడ మీంచి ఒక తల వంగి ఉంది.

"తగల్లేదు కదండీ?" అంది ఆ తల.

"తగిలుంటే ఈపాటికి మీతో మాట్లాడుతుంటానా?"

"అరిచానండీ. 'తప్పుకోండి' అనేలోపే అది వచ్చేసింది."

"వచ్చేస్తుంది మరి. అది పదిహేను మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి జారిన వస్తువు నేల మీదికి రావడానికి పట్టేది ఒకటి పాయింట్ ఏడు మూడు సెకన్లు. మనిషి తప్పుకోవడానికి ఆ టైం చాలుతుందా?"

పైన తల ఒక పక్కకి వాలింది. "ఈ లెక్క ఇప్పుడు నిలబడి కట్టారా, ఇంట్లోనే కట్టుకొచ్చారా?"

నిజానికి ఇంట్లోనే కట్టుకొచ్చింది. కానీ ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక గొడుగు దులుపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. స్టాఫ్ రూములో సుద్దముక్క కావాలని అడిగినా పక్కవాళ్ళకి వినబడని గొంతు ఆమెది. ఆ గొంతు ఇవాళ నాలుగో అంతస్తు దాకా ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియలేదు.

ఎండైనా వానైనా గొడుగు లేకుండా రాదు కాబట్టి పిల్లలు ఆమెకి ఆ పేరు పెట్టారు. చేరి నాలుగు నెలలైంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడి పెద్ద మేడమ్ మొన్ననే పిలిచి చెప్పింది.

"శుక్రవారం పదో తరగతికి వర్గ సమీకరణాల పాఠం చెప్పమ్మా. నేనొచ్చి కూర్చుంటాను. పిల్లలకి బుర్రకెక్కితే నువ్వు మా టీచర్‌వి. ఎక్కకపోతే సెలవుల తర్వాత ఇంకొకరిని చూసుకుంటాం. ఏమీ అనుకోవద్దు."

అనుకోకుండా ఎలా ఉంటుంది? లెక్కలంటే ఆమెకి ప్రాణం. మనుషులతో మాట్లాడాలంటే భయం గానీ, నల్లబల్ల ముందు నిలబడితే ఆ భయం ఎక్కడికో పోతుంది. ఆ నల్లబల్ల పోతే ఆమెకింకేం మిగలదు.

అందుకే బాగా ఆలోచించి ఒక పద్ధతి కనిపెట్టింది. డాబా మీంచి బంతి వదలాలి. పడటానికి ఎంతసేపు పడుతుందో ముందే బల్ల మీద లెక్క కట్టాలి. తర్వాత స్టాప్‌వాచ్ గడియారంతో సరిచూడాలి. రెండూ ఒకటైతే పిల్లలు జన్మలో మరచిపోరు.

ఒక్కటే చిక్కు. డాబా మీదికి పిల్లల్ని వెళ్ళనివ్వరు. వెళ్ళగలిగింది బడికి రంగులు వేస్తున్న ఆ బ్రష్షు పెయింటర్ ఒక్కడే.

*

బుధవారం ఆమె అద్దం ముందు నాలుగుసార్లు సాధన చేసుకుని, బడికెళ్ళి, మెట్ల కింద రంగు కలుపుతున్న అతని ముందు నిలబడింది. సాధన చేసిందంతా మరచిపోయింది.

"బంతి," అంది.

అతను తలెత్తాడు. కనుబొమ్మ మీద పసుపు చుక్క, చెవి మీద ఆకుపచ్చ చుక్క. "బంతా?"

"పైనుంచి వదలాలి. మీరు. శుక్రవారం."

"మొన్న బ్రష్షు పడితే అంత కోపమొచ్చిందే మీకు."

"ఇది పాఠం కోసం."

"ఓహో. పాఠం కోసమైతే మీ మీద వేయొచ్చన్నమాట."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, అప్పటికే బయటికొచ్చేసింది.

బంతి కొనక్కర్లేదన్నాడు. పిల్లలు ఏళ్ళ తరబడి పోగొట్టుకున్న బంతులన్నీ డాబా మీదే ఉన్నాయట. పదకొండు దొరికాయి, ఒకదాంట్లో చీమలు కాపురం పెట్టాయి, అది తప్ప ఏది కావాలంటే అది వదులుతానన్నాడు.

"కానీ ఒక షరతండీ. మీరు గుమ్మం ముందున్న రేకుల పందిరి కింద నిలబడాలి. అలా అయితేనే వేస్తాను."

"పందిరి కింద నుంచి నాకు పైన ఏమీ కనబడదు."

"కనబడక్కర్లేదు. బంతి వదలగానే విజిల్ వేస్తాను. నేల మీద పడ్డం మీకు కనబడుతుంది కదా."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అన్నం తింటూ పెయింటర్ గారు ఇలా అన్నారు, పెయింటర్ గారు అలా అన్నారు అని చెబుతూనే ఉంది. వాళ్ళమ్మ కంచంలోకి ఒకసారి, కూతురి మొహంలోకి ఒకసారి చూసింది. ఆ పక్కనే గోడకి నీలం మరక గొడుగు వేలాడుతోంది.

"ఆ మరక సబ్బు పెడితే పోతుందేమో కదే?"

"పోదు."

"పెట్టి చూశావా?"

ఆమె పప్పు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"సరేలే. మన వంటింటి గోడలు కూడా రంగు పోయాయి. ఆ అబ్బాయిని ఓసారి వచ్చి చూసి వెళ్ళమను. అతను గోడలు చూసుకుంటాడు, నేను అతన్ని చూసుకుంటాను."

"అమ్మా, ఊరుకో."

*

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకసారి చేసి చూసుకున్నారు.

విజిల్ మోగింది. ఆమె గడియారం నొక్కింది. ఒకటి పాయింట్ ఏడు మూడు దాటింది. బంతి రాలేదు. రెండు దాటింది. రాలేదు. సరిగ్గా మూడుకి ధబ్‌మని పడింది.

మళ్ళీ చేశారు. మూడు. మళ్ళీ. మూడే.

పొద్దున్నే అతని చేత పైనుంచి తాడు వేయించి ఆమె మళ్ళీ కొలుచుకున్న ఎత్తు అది. లెక్క పదిసార్లు సరిచూసుకుంది. అంటే తప్పు పైనే ఉంది.

"బంతి వదిలాకే విజిల్ వేస్తున్నారా?" అని అరిచింది పందిరి కింద నుంచే.

"రెండూ ఒకేసారండీ."

"నాతో ఆడుకుంటున్నారు మీరు. ముందే విజిల్ వేసి నవ్వుకుంటున్నారు. ఇది నా ఉద్యోగమండీ."

పందిరి దాటి చూస్తే పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు. ఆ సాయంత్రం అతను ఆమె వైపు చూడకుండా రంగు డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

రేపు వస్తాడో రాడో. రాకపోతే పాఠం లేదు. వస్తే మళ్ళీ మూడే వస్తుందేమో. ఆ రెంటిలో దేనికి ఎక్కువ భయపడుతోందో ఆమెకే అంతుపట్టలేదు. చివరికి, రాకపోవడానికే అని తేలింది.

*

శుక్రవారం. నల్లబల్లని మోసుకొచ్చి పందిరి కింద పెట్టారు. పిల్లలందరూ మైదానం అవతల అరుగు మీద వరసగా కూర్చున్నారు. మధ్యలో కుర్చీ వేసుకుని పెద్ద మేడమ్. పైన పిట్టగోడ మీద కనుబొమ్మకి పసుపు చుక్కతో ఆ తల. వచ్చాడు.

ఆమె గొంతు తనంతట తానే తెరుచుకుంది. పడే వస్తువు వేగం సెకను సెకనుకీ పెరుగుతుందని, అందుకే టైంని వర్గం చేసి ఐదుతో గుణించి ఎత్తులోంచి తీసేయాలని చెప్పి, బల్ల మీద h = 15 − 5t² అని రాసింది. h సున్నా అయితే నేల. పిల్లలే లెక్క కట్టి ఒకటి పాయింట్ ఏడు మూడు అని అరిచారు.

విజిల్. గడియారం. ధబ్.

"ఎంతొచ్చిందమ్మా?" అంది పెద్ద మేడమ్.

"మూడు," అంది ఆమె. ఆ మాట సుద్దముక్క అడిగినంత నెమ్మదిగా వచ్చింది.

"లెక్క తప్పా, బంతి తప్పా?"

అరుగు చివర నుంచి ఎప్పుడూ నోరు విప్పని రెండుజడల పిల్ల లేచింది. "టీచర్, బంతి వదలలేదు. పెయింటరన్న పైకి ఎగరేశాడు. నీళ్ళ ట్యాంకు అంచు దాకా వెళ్ళి అప్పుడు కిందికొచ్చింది. మీకు కనబడలేదా?"

అందరికీ కనబడింది. పందిరి కింద ఉన్న ఆమెకి ఒక్కదానికే కనబడలేదు.

ఆమె పందిరి దాటి బయటికొచ్చింది. "ఎందుకు ఎగరేశారండీ?"

"కింద మనుషులుంటే నేరుగా వదలకూడదని మా మేస్త్రి చెప్పాడండీ. పైకి ఎగరేస్తే కిందవాళ్ళు చూసుకుని తప్పుకుంటారని. పైగా మీరే అన్నారు కదా, ఒకటి పాయింట్ ఏడు మూడు సెకన్లు మనిషికి చాలవని. అందుకని కాస్త ఎక్కువ టైం ఇచ్చాను."

అరుగు మీద పిల్లలంతా 'ఓ...' అని ఒక్క గొంతుతో రాగం తీశారు. పెద్ద మేడమ్ చీర కొంగుతో మూతి తుడుచుకుంది, మూతికి ఏమీ అంటకపోయినా.

ఆమె చెంపలు వేడెక్కాయి. కానీ ఎదురుగా నల్లబల్ల ఉంది. గబగబా అటు తిరిగింది.

"ట్యాంకు అంచు పిట్టగోడకి ఐదు మీటర్లు పైన ఉంది. అక్కడిదాకా ఎగరాలంటే బంతి ఎంత వేగంతో బయల్దేరాలి?"

"సెకనుకి పది మీటర్లు, టీచర్."

"అయితే మన సమీకరణంలో ఏం మరచిపోయాం?"

h = 15 + 10t − 5t². పిల్లలు కారణాంకాలు విడగొట్టారు. t అంటే మూడు. లేదా మైనస్ ఒకటి.

"మూడు," అని ఆమె గడియారం పైకెత్తి చూపించింది. అరుగు దద్దరిల్లింది. "టైం మైనస్‌లో ఉండదు కాబట్టి రెండోది కొట్టేద్దాం." మైనస్ ఒకటి మీద అడ్డంగా గీత గీసింది.

పెద్ద మేడమ్ లేస్తూ అంది, "సోమవారం నుంచి రిజిస్టర్‌లో నీ పేరు ఇంకుతో రాయిస్తానమ్మా. ఇక పెన్సిల్‌తో కాదు."

*

బడి వదిలాక వాన మొదలైంది. పందిరి రేకుల మీద చప్పుడు. ఆమె బల్ల ముందు ఒక్కతే నిలబడి ఉంటే, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అతను వచ్చాడు.

"నిన్న అలా అన్నందుకు..." అని మొదలుపెట్టింది.

"అది సరే గానీ, నాకో డౌటండీ. ఆ మైనస్ ఒకటిని ఎందుకు కొట్టేశారు?"

"అది మనం గడియారం నొక్కకముందు టైం. బంతి మీ చేతిలోంచి కాకుండా నేల మీంచే బయల్దేరి ఉంటే, ఒక సెకను ముందే బయల్దేరి ఉండాలని అర్థం. మన లెక్క గడియారం నొక్కాకే మొదలవుతుంది కాబట్టి కొట్టేస్తాం."

"మీ గడియారం బ్రష్షు పడ్డ రోజు మొదలైంది."

ఆమె సుద్దముక్క గట్టిగా పట్టుకుంది.

"నాది నెల ముందు మొదలైందండీ. మీ క్లాసు కిటికీ బయట ఆకుపచ్చ వల కట్టి పని చేశాం చూడండి, ఆ వల వెనక నేనే ఉన్నాను. మీకు నేను కనబడను, నాకు మీ పాఠమంతా వినబడుతుంది. బడి గోడలన్నిటికీ రంగు రెండుసార్లు వేశాను. ఆ ఒక్క గోడకి ఐదుసార్లు వేశాను. మా మేస్త్రి గోడ మందమైందని తిట్టాడు."

వాన ఇంకా పెద్దదైంది. ఆమెకి నవ్వూ, ఏడుపూ, ఎక్కడికైనా పరిగెత్తాలన్న కోరికా అన్నీ ఒకేసారి వచ్చాయి. పరిగెత్తడానికి గొడుగు కావాలి. గొడుగు అతని పక్కనే ఉంది.

"మా అమ్మ," అంది చివరికి, "మా వంటింటి గోడలు చూసి వెళ్ళమంది మిమ్మల్ని."

"ఎప్పుడంది?"

"బుధవారం."

"ఇవాళ శుక్రవారం కదండీ."

"చెప్పడానికి కాస్త టైం తీసుకున్నాను."

అతను నవ్వాడు. కనుబొమ్మ మీద పసుపు చుక్క కూడా నవ్వినట్టే కదిలింది. "ఎన్నిసార్లు వేయాలి రంగు?"

"ముందు రెండుసార్లు వేయండి. చాలకపోతే చూద్దాం."

అతను గొడుగు విప్పి నీలం మరక ఆమె వైపు ఉండేలా పట్టుకున్నాడు. ఆమె వెళ్ళబోతూ ఆగి, వెనక్కి వచ్చి, చీర కొంగు కొసని వాన చినుకులో తడిపింది. మైనస్ ఒకటి మీద గీసిన గీతని, అంకె చెరగకుండా, మెల్లగా తుడిచేసింది.