తెహ్ తారిక్ రంగు ఆయిల్

“ఈరోజు సాయంత్రం ఐదింటికి ఒక తెల్ల యాట్ కువాలా కెడా రేవు నుంచి బయల్దేరుతుంది. మన గస్తీ బోట్ల దారుల పటం అందులో వెళ్తోంది. తీసుకెళ్ళేదెవరో తెలీదు. ఐదూ నలభైకల్లా యాట్ సరిహద్దు గుర్తుగా తేలే బోయా దాటిందంటే మనం చూస్తూ నిలబడాల్సిందే. మిగతా బోట్లన్నీ ఉత్తరాన ఉన్నాయి. నీదొక్కటే దిక్కు. అర్థమైందా, కెరాపు?”

“అర్థమైంది, డాతుక్,” అని ఫోన్లో పై అధికారికి చెప్పాడు ఏజెంట్ షహ్రిజాన్, రహస్య పేరు కెరాపు.

అతనికి అర్థం కాని విషయం ఈ భూమ్మీద ఇంతవరకూ ఎదురుకాలేదు. ఎదురైనప్పుడు ఒప్పుకోలేదు. అరిటాకు కింద, నాసి లెమాక్ అన్నంలో దాచిన ఫోన్‌ని తిరిగి పొట్లం కట్టి, చెవికంటిన సాంబల్ కారం తుడుచుకున్నాడు.

ఆరు నెలలుగా అతను గాలాలేసే టూరిస్టులను తిప్పే బోటు యజమాని వేషంలో ఉన్నాడు. అలోర్ సెతార్‌లో ఉన్న భార్యకు మాత్రం చేపల శాఖలో గుమాస్తా. ఇంట్లో సోఫాకి పెళ్ళినాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు, బోటు సీట్లకీ తియ్యలేదు. చేతి గడియారంలో పదిహేడు రహస్య సాధనాలున్నాయి. సర్వీసు ఫైల్లో ‘మెరైన్ డీజిల్ ఇంజిన్లు’ అన్న గడిలో ‘నిపుణుడు’ అని ఉంది. రాసింది తనే. గడి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోలేదు.

నిజానికి ఆ ఇంజిన్ మూత ఎత్తేదీ, రోజూ స్టార్ట్ చేసి ఇచ్చేదీ, ఆపేదీ రేవంతా మక్ చిక్, అంటే పిన్ని, అని పిలిచే మెకానిక్ సెలాసియా. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నెలనెలా ఆవిడ ఆయిల్ మారుస్తుంటే, “నడుం పట్టేసింది మక్ చిక్, లేకపోతే నేనే చేసేవాణ్ణి,” అంటూ షహ్రిజాన్ పట్టపగలు టార్చి పట్టుకుని నిలబడేవాడు. ఆరు నెలలుగా ఆ నడుం సరిగ్గా ఆయిల్ మార్చే రోజే పట్టేస్తున్నా, ఆవిడ ఒక్క మాట అనలేదు. పైగా నూనె తెచ్చి ఇచ్చింది, రాసుకోమని.

“ఇంజిన్ చూసుకుందామా, బాంగ్?” అని అన్నని పిలిచినట్టు పిలిచింది యుహానిస్. ఈ మిషన్ కోసం వేరే విభాగం నుంచి వచ్చిన ఏజెంట్ ఆమె. నల్ల కళ్ళద్దాలు, రేవులో చేపల కంపును కూడా ఓడించే సెంటు.

షహ్రిజాన్ స్టార్టర్ నొక్కాడు. ఇంజిన్ తిరిగింది గాని అందుకోలేదు. మళ్ళీ నొక్కాడు. అదే గొడవ. ఇరవై అడుగుల అవతల మక్ చిక్ వల బోటు పంపు విప్పుతోంది. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కాని పక్కన యుహానిస్ ఉంది.

“నొక్కుతూ ఉండండి, బాంగ్,” అందామె. “మీ చేతిలో అందుకోకపోతే ఇంకెవరి చేతిలో అందుకుంటుంది?”

పదిహేనుసార్లు నొక్కాడు. పదహారోసారి ఇంజిన్ టక్‌మని బిగుసుకుపోయింది. డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఆయిల్ గుర్తు దాటి పైకొచ్చింది. రంగు అచ్చం తెహ్ తారిక్, పాలు ఎక్కువైన టీ.

“ఆయిల్లో నీళ్ళు కలిపారు!” అంది యుహానిస్. “నిన్న ఆయిల్ మార్చింది ఆ ముసలావిడే కదా?”

షహ్రిజాన్ ఒక్క మాటే అన్నాడు. “ఔను.”

ఆ ఒక్క మాటకి, రెండింటికల్లా డాతుక్ మొఖ్జానీ చేపల వ్యాపారి వేషంలో దిగాడు. వెంట ఇద్దరు. మక్ చిక్ సెలాసియా చేతులకు బేడీలేసి ఐసు పెట్టె మీద కూర్చోబెట్టారు. రేవంతా చూస్తోంది. ఆవిడ డబ్బుతో టీ తాగినవాళ్ళు కూడా ఆవిడెవరో తెలీనట్టు చూస్తున్నారు.

“ఎవరు పంపారు నిన్ను?” అన్నాడు డాతుక్.

“మా అమ్మ పంపింది తువాన్, యాభై ఎనిమిదేళ్ళ కిందట. ఒక చెయ్యి వదలండి. నేను చెప్తే నమ్మరు, ఇంజిన్ చెప్తే నమ్ముతారు.”

ఒక చెయ్యి వదిలారు. డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి పైపు అడుగుదాకా దింపి, చేతి పంపుతో లాగింది. ముందు ఆయిల్ రాలేదు, నీళ్ళొచ్చాయి. వేలు ముంచి నాలుకకి రాసుకుంది.

“ఉప్పగా ఉంది. సముద్రం నీళ్ళు. కూలెంట్ ట్యాంకు నిండుగానే ఉంది చూడండి, కాబట్టి లోపల్నుంచి కారింది కాదు. ఆయిల్ మార్చాక నిన్న నాలుగ్గంటలు తిప్పి చూశాను, బంగారంలా ఉంది. అంటే నేను వెళ్ళాకే వచ్చాయి.”

“ఎలా?”

“ఇంజిన్ అందుకోకుండా స్టార్టర్ నొక్కితే, సముద్రం పంపు మాత్రం తిరుగుతుంది. నీళ్ళు సైలెన్సర్లోకి పోతాయి. బయటికి తొయ్యడానికి పొగ ఉండదు. నిండి నిండి వెనక్కొచ్చి సిలిండర్లలో పడతాయి, అక్కణ్ణుంచి ఆయిల్లోకి. అందుకే ఎక్కువసార్లు నొక్కాల్సొస్తే ముందు కింద వాల్వు కట్టేస్తాం. మా దగ్గర పిల్లికి కూడా తెలుసు.” ఇంజిన్‌ని ఆపే స్టాప్ పిడి కేసి చూసింది. బయటికి లాగే ఉంది. “ఇది లోపలికి నెట్టకపోతే డీజిల్ రాదు. సాయంత్రం దాకా నొక్కినా అందుకోదు.”

“అయితే నొక్కిందెవరు?”

మక్ చిక్ షహ్రిజాన్ వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత బేడీ ఉన్న చేత్తో ముసుగు సవరించుకుంది.

“ఏ చేపో ఎగిరి నొక్కి ఉంటుంది, తువాన్. అయినా ఈయనకి నడుం నొప్పి. ఎక్కువసేపు నిలబెట్టకండి.”

షహ్రిజాన్‌ని గతంలో రెండుసార్లు తుపాకీతో కాల్చారు. ఆ రెండూ కలిపినా ఇంత నొప్పి లేదు. సంకెళ్ళలో కూర్చుని కూడా ఆవిడ తన పరువు కాస్తోంది. తను నోరు మూసుకుంటే చాలు, పరువు దక్కుతుంది. ఆవిడ వ్యానెక్కుతుంది. గడియారంలోని పదిహేడు సాధనాల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

“నేనే నొక్కాను, డాతుక్,” అన్నాడు.

స్టార్టర్ వైపు వేలు చూపించాడు. “పదహారుసార్లు. వాల్వు సంగతి తెలీదు. పిడి సంగతీ తెలీదు. నాకు ఇంజిన్ల గురించి ఏమీ తెలీదు. ఫైల్లో రాసింది అబద్ధం. నాకు నడుం నొప్పి కూడా లేదు. యుహానిస్ నొక్కుతూ ఉండమంది, ఆమె ముందు అడగడానికి సిగ్గేసింది.”

డాతుక్ ముఖంలో మొదట కోపం కనబడింది. తర్వాత అదీ పోయింది.

“యుహానిస్ నొక్కమందా? ఆ అమ్మాయి నౌకాదళంలో మూడేళ్ళు ఇంజిన్ గదిలో పనిచేసింది. తనకి తెలీకపోవడమేంటి?”

అందరూ చుట్టూ చూశారు. కాఫీ తెస్తానని ఇందాక వెళ్ళిన యుహానిస్ ఇంకా రాలేదు. రేవు చివర తెల్ల యాట్ మీద నల్ల కళ్ళద్దాలు ఎక్కి కూర్చున్నాయి. సోదా కాగితం చేతిలో లేకుండా ఆ యాట్‌ని రేవులో ముట్టుకునే హక్కు డాతుక్‌కి లేదు, సముద్రం మీదైతే ఆపొచ్చు. కాగితం కోసం ఫోన్ చేశాడు. పై ఆఫీసువాళ్ళు భోజనానికెళ్ళారు.

“బేడీలు తియ్యండి,” అన్నాడు. “మక్ చిక్, ఎంతసేపు పడుతుంది?”

“రెండున్నర గంటలు. ఈయన్ని నాకివ్వండి.”

జీవితంలో మొదటిసారి షహ్రిజాన్ ఇంజిన్ కింద దూరాడు. సైలెన్సర్ నీళ్ళు తీశాడు. ఆవిడ ఇంజెక్టర్లు విప్పితే, స్టార్టర్ తిప్పి సిలిండర్లలో నీళ్ళు బయటికి చిమ్మించాడు. అవి సరిగ్గా అతని మొహం మీదికే చిమ్మాయి. ఆయిలూ ఫిల్టరూ మార్చి పది నిమిషాలు తిప్పారు. మళ్ళీ తెహ్ తారిక్. మళ్ళీ మార్చారు. ఈసారి పల్చటి టీ.

“ఫిల్టర్ చేత్తోనే బిగించు. బలం చూపించకు, నీ పెళ్ళాం కాదు చూసేది. రబ్బరుకి కాస్త ఆయిల్ రాశావా?”

“రాయాలని తెలీదు, మక్ చిక్.”

“మరి అడగరా నాయనా! అడిగితే నోరేమైనా అరిగిపోతుందా?”

మూడోసారికి ఆయిల్ తేనెలా దిగింది. అప్పటికి ఐదూ పది.

ఐదూ ముప్పై ఎనిమిదికి, బోయా రెండు వందల గజాల్లో ఉండగా, మక్ చిక్ ఇంజిన్ మూత మీద కూర్చుని శబ్దం వింటుండగా, షహ్రిజాన్ బోటుని యాట్ ముక్కుకి అడ్డంగా తిప్పాడు. గుద్దితే రెండూ మునిగేవి. కాని యాట్ కెప్టెన్‌కి గూఢచర్యం కంటే కొత్త పెయింట్ మీద ప్రేమ ఎక్కువ. ఆపేశాడు. బోట్లో ఉన్న డాతుక్ మనుషులు యాట్ మీదికి దూకారు. పటం యుహానిస్ పౌడరు డబ్బా అడుగున దొరికింది.

“ఆ ఇంజిన్ ఇవాళ కదలకూడదే,” అందామె కళ్ళద్దాలు తీస్తూ. “ఎలా నడిపించావు, బాంగ్?”

షహ్రిజాన్ ఆయిల్ చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

“అడిగాను.”

ప్రమోషన్ రాలేదు. ఆ నెలాఖరుకి దేశంలోని ప్రతి రేవు గోడ మీదా ‘వాల్వు కట్టకుండా స్టార్టర్ నొక్కరాదు’ అని శాఖ నోటీసు అంటించింది. కింద ఉదాహరణగా ఒక ఏజెంట్ పేరు, ఫొటో. అతని భార్య అలోర్ సెతార్ నుంచి రేవుకొచ్చి దాన్నొకటి జాగ్రత్తగా ఊడదీసి తీసుకెళ్ళి, హాల్లో ఫ్రేము కట్టించింది. ఫొటో బాగా వచ్చిందట.