జాకీలు లెక్కపెట్టే దెయ్యం

ఆ మూడో అంతస్తు పేరెత్తితే చాలు, కూలీలు మాట మార్చేసేవారు. కిందటేడు అక్కడే శ్లాబు కూలి సెంట్రింగ్ మేస్త్రీ పోయాడు. మళ్ళీ కొత్త శ్లాబు పోశారు. దాన్ని మోస్తున్న ఇనప జాకీల మధ్య రాత్రయితే చాలు... టంగ్... టంగ్... ఎవరో కొడుతున్న చప్పుడు.

చచ్చిన మేస్త్రీ జాకీలు లెక్కపెట్టుకుంటున్నాడని పుకారు. విప్పమని కాంట్రాక్టరు రెండు రోజులుగా అరుస్తున్నా ఒక్కడూ వాటిమీద చెయ్యి వెయ్యలేదు.

ఈ సంగతి మా బావ చెప్పాడు. ఆ బిల్డింగుకి వాచ్‌మన్ ఆయనే. దెయ్యాలంటే ఆయనకి భయం లేదు — పగటిపూట. "ఈ రాత్రి అదేమిటో తేల్చు, లేదంటే పని మానేసి పో" అన్నాడట కాంట్రాక్టరు. చేసేదేముంది, టార్చి పట్టుకుని మెట్లెక్కాడు.

పైకి చేరగానే టార్చి ఆర్పేశాడు. మసక వెన్నెల. పచ్చి సిమెంటు వాసన.

టంగ్...

కాసేపు ఏమీ లేదు.

టంగ్... గలగల...

ఆ గలగల దగ్గర ఒక ఆకారం వంగింది. మేస్త్రీ చొక్కా. మేస్త్రీ సుత్తి.  మా బావ ఎలాగో టార్చి నొక్కాడు.

మేస్త్రీ భార్య. పగలు అక్కడే ఇటుకలు మోస్తుంది, చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని.

"మొహం మీంచి లైటు తియ్యన్నా," అంది గుసగుసగా. "ఈ జాకీ వదులైంది. బిగించనీ."

"నువ్వా తల్లీ... గుండె ఆగినంత పనైంది. ఇదేం పిచ్చి?"

"మా ఆయన ఇలాగే కొట్టి చూసేవాడు. శ్లాబు పోసి పది రోజులే అయింది. ఇరవై ఒక్క రోజులు ఆగమని కాంట్రాక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాను. నీకేం తెలుసు పొమ్మన్నాడు. రేపు దీని కింద ఇటుకలు మోసేది మేం ఎనిమిది మందిమి." మర బిగించింది. "మనిషి చెబితే వినలేదుగా, దెయ్యం చెబితే వింటాడు. వెళ్ళి చెప్పుకో. నేను భయపడను."

 మా బావ చివరి జాకీ దాకా ఆమెకి టార్చి పట్టాడు.

తెల్లారి కాంట్రాక్టరు ఆ శ్లాబు కిందికే వచ్చి నిలబడ్డాడు. "ఏమైంది? ఉందా దెయ్యం?"

"ఉంది సార్. ఇరవై ఒక్క రోజులు నిండకుండా విప్పితే ఊరుకోనంది."

"దెయ్యానికి ఆ లెక్కేం తెలుసురా?"

"కిందటేడు పదో రోజునే విప్పించారుగా సార్. దానికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?"

కాంట్రాక్టరు తలెత్తి పైకి చూశాడు. మెల్లగా... శ్లాబు కిందనుంచి బయటికి నడిచాడు. విప్పమని మళ్ళీ అనలేదు.