పైకి వెళ్లని సద్దిమూట

"వార్తలు అయిపోయినంక పోతా అంటున్న కదమ్మా" అంది హైమ మూడోసారి, రేడియోకు చెవి ఆనించి.

అప్పటికే సుబ్బరత్నం సద్దిమూట రెండుసార్లు తెచ్చి కూతురి ముందు పెట్టింది. చేలో కావలి ఉన్న ముసలి జీతగాడు సీతయ్యకు ఆకలవుతుందని చెప్పింది. హైమది ఒకటే పట్టు. రష్యావాళ్లు ఇద్దరు భూమి చుట్టూ తిరిగే స్టేషన్‌లో ఎనిమిది నెలలుగా ఉంటున్నారు. వాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పినా రాసుకోవాలి. రేపు సోమవారం క్లాసులో చదవాలి.

"ఎనిమిది నెలల నుంచి పడిపోలేదు గదా, నువ్వు వచ్చేదాక కూడా పడిపోరులే. లే" అంటూ సుబ్బరత్నం రేడియో కట్టేసింది.

హైమ మూట తీసుకుని విసవిసా చేనివైపు నడిచింది.

మొక్కజొన్న గింజ పట్టిన దగ్గర్నుంచి సీతయ్య మంచె దిగడం లేదు. అడవి అంచు చేను. పగలు చిలకలు, రాత్రి పందులు. ఆయన పైనుంచి తాడు వదిలి ఉంచుతాడు. హైమ మూట కట్టి కేకేస్తే లాక్కుంటాడు. నాలుగు ముచ్చట్లు అడుగుతాడు. నిన్న హైమ కేకైనా వేయలేదు. వార్తల వేళ మించిపోతుందని మూట కట్టి పరుగెత్తింది.

తాడు దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

నిన్నటి మూట అక్కడే వేలాడుతోంది. నిండా చీమలు.

"తాతా" అని పిలిచింది. బదులు లేదు. చేనంతా చిలకలు, తీరుబడిగా కంకులు ఒలుచుకుంటున్నాయి.

నిచ్చెన ఎక్కింది. సీతయ్య గొంగట్లో ముడుచుకుని ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. నీళ్ల కుండ ఖాళీ. కళ్లు కొంచెం తెరిచాడు.

"వచ్చినవా బిడ్డా. నిన్న పిలిచిన. ఇనపడలేదా?"

హైమ గబగబా నిచ్చెన దిగింది. ఇంటికి ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు.

తల్లీకూతుళ్లు పక్కింటివాళ్ల బండి కట్టించి ఆయన్ని బూర్గంపాడు దవాఖానాకు తీసుకెళ్లారు. మలేరియా అని అక్కడే చేర్చుకున్నారు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అని డాక్టరమ్మ అడిగింది. ఆకాశంలో ఉన్నవాళ్ల రోజులు తడుముకోకుండా చెప్పే హైమ తల దించుకుంది.

రెండు రోజుల క్రితం ఖమ్మం వెళ్లిన నాన్న చెంచురామయ్య సాయంత్రానికి తిరిగొచ్చాడు. అందరూ అన్నాలకు కూర్చున్నారు. సీతయ్య వచ్చేదాకా మంచె మీద ఎవరిని పెట్టాలా అని నాన్న నాయనమ్మతో మాట్లాడుతున్నాడు. హైమ కంచంలో అన్నం అలాగే ఉంది.

"రేపు పొద్దున దవాఖానాకు బువ్వ నేను తీస్కపోత" అంది మెల్లగా. "తాత తినేదాక పక్కనే కూసుంట. మల్ల మంచె ఎక్కినంక కూడ గట్లనే. మూట తాడుకు కట్టను. నేనే ఎక్కి ఇస్త."