పాప కడుపులో వక్క

వేంపల్లె. 2006 మార్చి. సాయంత్రం ఆరుంబావు.

నూనెల వ్యాపారి ప్రదీప్‌కుమార్ ఇంటి వరండాలో అతని కూతురు శ్రీవాసవి శవం. మూడున్నరేళ్లు. గౌను నిండా నెత్తుటి వాంతి. పక్కన సగం తాగిన పాలగ్లాసు. ఆ పాలిచ్చింది సవతి తల్లి నాగశ్రీ.

సవతి తల్లి అంటే చాలు, ఊరికి ఇంకో సాక్ష్యం కావాలా! పాప నాయనమ్మ సుందరలక్ష్మి గుండెలు బాదుకుంటూ ఫిర్యాదు చేసింది. నాగశ్రీ తన ఏడాదిన్నర కొడుకును అత్తకు అప్పగించి జైలుకు వెళ్లింది.

ఇన్‌స్పెక్టర్ గాబ్రియేలు మనసు ఒప్పలేదు. అనుకున్నట్టే అయింది. ల్యాబ్ రిపోర్టులో విషం జాడే లేదు. పాలలో లేదు, కడుపులో లేదు. ఆయన కర్నూలుకు పరుగెత్తి, పాప జీర్ణాశయాన్ని పరీక్షించిన డాక్టర్ కృపమణి ముందు కూర్చున్నాడు.

"మరి ఎట్లా చనిపోయింది?"

"కడుపులో పుండు. రక్తనాళం దాకా తినేసింది. హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా పని."

"అంత చిన్న పిల్లకా?"

"చిన్నప్పుడే అంటుతుంది. చాలామందిలో ఊరికే పడి ఉంటుంది. ఇది చెడ్డ రకం. క్యాగ్-ఎ అనే జన్యువు ఉంది దీంట్లో. అది ఉంటే పుండు ముదురుతుంది."

"ఎవరి నుంచి అంటింది?"

ఇంట్లోవాళ్ల నుంచే అయ్యుండొచ్చు, పరీక్షిద్దాం అందామె. నాగశ్రీ కడుపులో ఆ బ్యాక్టీరియానే లేదు. ఏళ్లుగా కడుపుమంటతో బాధపడే సుందరలక్ష్మి కడుపులో ఉంది. పాపలోని బ్యాక్టీరియాతో దాని జన్యువులు పోల్చారు. అదే రకం.

గాబ్రియేలు పోస్ట్‌మార్టం రిపోర్టు మళ్లీ తిరగేశాడు. అందరూ విషం కోసం వెతికి వదిలేసిన ఒక్క వాక్యం. కడుపులో మెత్తగా నమిలిన శెనక్కాయ పప్పు, వక్క తునకలు. పాప పళ్లేమో అన్నీ పుచ్చినవే. మరి అంత మెత్తగా నమిలిందెవరు?

నాగశ్రీని విడిపించి వెంటబెట్టుకుని వేంపల్లె వచ్చాడు. ప్రదీప్‌కుమార్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. సుందరలక్ష్మి దవడన వక్కాకు, ఒడిలో మనవడు. బ్యాక్టీరియా సంగతి, పుండు సంగతి ఇన్‌స్పెక్టర్ అందరికీ చెప్పాడు. కోడలికి ఏ పాపమూ తెలియదన్నాడు. ఇక అడగాల్సింది ముసలామెను. దొంగలతో మాట్లాడటం ఎంత సులువో అప్పుడనిపించింది ఆయనకు.

"అమ్మా, పాపకు శెనక్కాయలు ఎవరు పెట్టిరి?"

"నేనే అప్పా. పండ్లు పుచ్చిపోయి యాడ నములుతాది? నేనే నమిలి పెడతాంటి."

చెప్పకపోతే ఆ ఒడిలో పిల్లాడున్నాడు. చెబితే ముసలామె ఏమైపోతుంది? ఎటూ పాలుపోలేదు.

"చిన్నోడికి అట్ల పెట్టద్దమ్మా. నీ ఎంగిలి వానికి తగలగూడదు. మందులుండాయి, నువ్వూ వాడాల."

ఆమె దవడ ఆగిపోయింది.

"అంటే... నేనేనా అప్పా?"

వేరే దారిలో కూడా అంటి ఉండొచ్చని, ఇంట్లో ఎవరికీ తెలిసే వీలు లేదని ఏదేదో చెప్పాడు. ఆమె వినలేదు. పిల్లాణ్ని నాగశ్రీ చేతికిచ్చి, రెండు చేతులూ ఇన్‌స్పెక్టర్ ముందుకు చాపింది.

"ఈ పిల్లను జైల్లో పెట్టిస్తి. ఇప్పుడు నన్ను తీసకపో."

"కేసు లేదమ్మా."

"బిడ్డ సచ్చిపోయింది గదప్పా. కేసు లేకుండా ఎట్ల పోతాది?"

ఆమె చేతులు దించలేదు.