ఒహాకాలో వసంతమ్మ పేరు

“సచ్చిపోయినోళ్ల దగ్గర గూడా ఫొటోలేనా? సిగ్గులేని మనిషి” అంది సుజన, కాస్త గట్టిగానే.

మెక్సికోలో, ఒహాకా ఊరి పక్కనున్న ఒక పల్లె శ్మశానం అది. చుట్టూ ఎంతమంది ఉన్నా తెలుగు తెలిసినవాళ్లు ఉండరని ఆమె ధైర్యం. సమాధి దగ్గర కూర్చున్న ముసలామెకు కెమెరా గురిపెట్టిన కుర్రాడు మాత్రం ఆగి, వెనక్కి తిరిగాడు.

“ఆమే తీయమని అడిగింది మేడమ్. సిగ్గు నాకూ కొంచెం ఉండాది.”

సుజనకు చెవులు వేడెక్కాయి. “మీరు… తెలుగా?”

“తిరపతి. మీరు ‘సచ్చిపోయినోళ్లు’ అన్నారంటే చిత్తూరే అయ్యుండాల.”

ఆమె సారీ చెప్పబోయింది. అతను నవ్వేసి, ఆపిన ఫొటో తీసి, ముసలామెకు చూపించాడు.

అతని పేరు వేదవ్యాస్. ఇంట్లో అందరిదీ గుడి సేవే. అతనొక్కడే హైదరాబాదులో స్పానిష్ చదివి, ఒక టూర్ కంపెనీలో గైడుగా చేరాడు. ఏటా నవంబరు మొదట్లో పోయినవాళ్లు ఇంటికొచ్చి చూసిపోతారని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ పండుగ చూడాలనుకునే మనవాళ్లను అతను వెంటబెట్టుకుని వస్తాడు. సుజనది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు పని మీద ఆరు వారాలకు మెక్సికో వచ్చింది. రెండు రోజులు సెలవు దొరికితే ఒక్కతే బస్సెక్కి ఇక్కడికి చేరింది.

శ్మశానమంటే ఏడుపులు వినాల్సి వస్తుందనుకుందామె. ఇక్కడ సమాధుల మీద బంతిపూలు గంపలకొద్దీ పోశారు. ఆ పక్కనే కూర్చుని భోంచేస్తున్నారు. ఎవరో గిటారు వాయిస్తుంటే పిల్లలు సమాధుల మధ్య పరుగులు తీస్తున్నారు.

ముసలామె పేరు ఎలెనా. ఆమె ఇద్దరినీ కూర్చోమని సైగ చేసి, చేతుల్లో తియ్యటి రొట్టె పెట్టింది. తర్వాత సుజన వైపు చూసి ఏదో అడిగింది.

“మీకెవరు ఉన్నారని అడగతా ఉంది” అన్నాడు వ్యాస్. “అంటే… పోయినోళ్లలో.”

సుజన రొట్టె తుంచడం ఆపేసింది. “మా అమ్మ. వసంతమ్మ. కరోనా అప్పుడు.”

ఆ మాట పైకి అని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఆసుపత్రిలో అమ్మ, ఇంకో వార్డులో నాయన, బెంగళూరులో గది దాటలేని తను. కడసారి చూపు ఇద్దరికీ దక్కలేదు. కోలుకుని ఇంటికొచ్చిన నాయన చిన్నబ్బ ఆ రోజు నుంచి భార్య పేరెత్తలేదు. ఏటా తద్దినం రోజున పురోహితుడు గోత్రనామాలు అడిగితే చెప్పడం, అంతే. సుజన ఎత్తబోయినా, మామిడి మండీలో పనుందని లేచి వెళ్లిపోయేవాడు.

ఎలెనా అయ్యోపాపం అనలేదు. “ఏం ఇష్టంగా తినేది మీ అమ్మ?” అని అడిగింది.

“ఊరిబిండి.”

వ్యాస్ తల గోక్కున్నాడు. “దీన్ని స్పానిష్‌లో ఏమనేది? చెనక్కాయల సాస్ అంటా.”

“సాస్ అంటే మా అమ్మ ఊరుకోదు. రోట్లో నూరాల. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఎండు మిరపకాయలు.”

“గుడి సేవ చేసే మా ఇంట్లో ఉల్లీ వెల్లుల్లీ, ఆ రెండు గడ్డలూ ముట్టుకోరు మేడమ్. నాకు తెలీని రుచికి తర్జుమా ఎట్ల చేసేది?”

చివరికి చేతులతో నూరి చూపించాడు. ఎలెనాకు అర్థమైంది. తనింట్లోనూ రోలుందనీ, మిక్సీలో వేస్తే తిననని కొడుకు గోల చేస్తాడనీ చెప్పింది. ఇంకా అడిగింది: పాడేదా? ఎవరితో పోట్లాడేది?

“పాడేది, శృతే ఉండదు. పుత్తూరు బస్సులో కండక్టరు స్టాపు దాటించినాడని, బస్సు వెనక్కి తీసుకొచ్చేదాకా దిగలేదు.”

అది వ్యాస్ తర్జుమా చేసేలోపే సుజనకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లు నిండాయి. అమ్మను తలచుకుని నవ్వడం ఈ నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. వ్యాస్ చూపు పక్కకు తిప్పుకుని, జేబులోంచి రుమాలు తీసి ఆమె ముందు పెట్టాడు.

ఎలెనా ఒక కాగితం మీద పేరు రాయించుకుని, తన భర్త సమాధి మీద పువ్వుల మధ్య ఉంచింది. “బసంతమ్మ” అని చదివింది. సుజన ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

మర్నాడు, వ్యాస్ చెప్పమంటే, నాయనకు ఫోన్ చేసి అతని సంగతీ ఎలెనా సంగతీ చెప్పింది. అమ్మ మాటల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫోన్ కట్ చేశాడు.

“మీ మాట విని చెప్పినాను. ఉన్న మాటలు గూడా పోయినాయి” అని వ్యాస్ మీద విరుచుకుపడింది.

“కట్ చేసినాడు. వద్దనలేదు కదండీ. కొంచెం టైమియ్యండి.”

ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు ఇండియా చేరారు. రోజూ “నాయన మాట్లాడినాడా?” అని వ్యాస్ మెసేజి. రోజూ “లేదు” అని ఆమె జవాబు. పోనుపోనూ ఆ ఒక్క మాట చుట్టూ గంటలకొద్దీ కబుర్లు అల్లుకున్నాయి. అండీలు ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరూ గమనించలేదు.

డిసెంబరులో సుజన సెలవుకు ఇంటికొచ్చింది. ముసురు పట్టిన ఒక పొద్దున చిన్నబ్బే కూతుర్ని అడిగాడు: “ఆ తిరపతి పిల్లోడు ఉండాడే, ఒకసారి రమ్మను.”

వ్యాస్ తడుస్తూనే చిత్తూరులో బస్సు దిగాడు. పెద్దాయన తువ్వాలిచ్చి, కుర్చీ వేసి, ఎదురుగా కూర్చున్నాడు.

“స్వామీ, ఆ ముసలామె నా భార్యను గురించి అడిగితే తర్జుమా చేసింది నువ్వే కదా. నా బిడ్డ ఏం చెప్పిందో నాకు చెప్పు. ఫోన్లో వినలేకపోయినా.”

వ్యాస్ నెమ్మదిగా, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. బస్సు సంగతి దగ్గర చిన్నబ్బ చెయ్యెత్తి ఆపాడు.

“పుత్తూరు బస్సు కాదప్పా, వడమాలపేట బస్సు. నేనూ ఉండానుగా పక్కన. దిగు వసంతా అని కాళ్లు పట్టుకున్నంత పని చేసినా.” భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఆగలేదు. వంటింట్లో సుజన స్టవ్ ఆర్పేసి, గుమ్మానికి ఆనుకుని వింటూ నిలబడిపోయింది. ఆమెకు తెలియని అమ్మ ఎంత ఉందో ఆ మాటల్లో.

మధ్యాహ్నం దాటాక వ్యాస్ లేచాడు. “నేను గూడా ఒకటి అడగాలని వచ్చినాను సార్. సుజనను పెళ్లి చేసుకోవాలని ఉండాది. మా అమ్మ పెరుందేవికి చెప్పినా. ముందు మీ మాట కనుక్కోమనింది.”

చిన్నబ్బ గుమ్మం వైపు చూశాడు. “నీకు?”

సుజన తల ఊపింది.

“మీ ఇంట్లో గడ్డలు ముట్టుకోరంట కదా స్వామీ. నా బిడ్డ ఎట్ల బతికేది?”

“వారానికోసారి ఈడికే వస్తాం సార్.”

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు ఇంట్లో వినబడి ఎన్నేళ్లయిందో.

“మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఆదివారం మేమొస్తామని చెప్పు. నువ్వు కూసో. మా పెళ్లినాడు వసంత ఏం చేసిందో ఇంకా చెప్పనే లేదు.”

వ్యాస్ కూర్చున్నాడు. సుజన వచ్చి నాయన పక్కన నేల మీద కూర్చుని, ఆయన మోకాలి మీద తల ఆనించింది.